మెడెస్కీ మార్టిన్ అండ్ వుడ్: 1992 పియానో, 1996 ఆర్గాన్

అమెరికాకు చెందిన ఈ ముగ్గురి బృందం (ట్రయో) తొలి ఆల్బమ్ 'నోట్స్ ఫ్రమ్ ది అండర్‌గ్రౌండ్' (1992)లో జాన్ మెడెస్కీ వాయించింది మామూలు పియానో. మీట నొక్కగానే మోగిన స్వరం క్రమంగా తగ్గిపోతుంది. ఆ ఖాళీలో క్రిస్ వుడ్ వాయించే బేస్ (మంద్రస్వరాల తీగవాద్యం) స్పష్టంగా వినిపిస్తుంది. ఇది ఇంకా జాజ్ ట్రయోనే.

ఊరూరా తిరిగే బృందం పియానో మోసుకెళ్లలేదు కదా! అలా హామండ్ ఆర్గాన్, క్లావినెట్, వుర్లిట్జర్ అనే విద్యుత్ కీబోర్డులు వచ్చి చేరాయి. హవాయిలో ఓ చిన్న గుడిసెలో రికార్డు చేసిన 'షాక్‌-మ్యాన్' (1996) నాటికి ఫంక్ (దరువు ప్రధానమైన నృత్య సంగీతం) పూర్తిగా కుదురుకుంది. ఆర్గాన్ స్వరం మీట వదిలేదాకా నిలుస్తుంది. సాధారణంగా ఆర్గాన్ ట్రయోల్లో బేస్ కూడా ఆర్గాన్ వాయించేవాళ్లదే, ఎడమచేత్తోనో కాలి పెడల్స్‌తోనో. ఇక్కడ ఆ పని వుడ్‌ది, కాబట్టి మెడెస్కీకి రెండు చేతులూ ఖాళీ. బిల్లీ మార్టిన్ దరువు పాటను నడిపిస్తుంది.

కొత్తవాళ్లు 1996తోనే మొదలుపెట్టాలి. ఫోన్ స్పీకర్‌లో మాత్రం వద్దు, బేస్ మాయమైపోతుంది.