ఒకవాంగో డెల్టా ట్రిప్: ఖర్చెక్కువే, కానీ ఆ నీళ్ల కోసం వెళ్లాల్సిందే

జూలైలో ఆఫ్రికాలోని బోట్స్వానా వెళ్లి ఒకవాంగో డెల్టా చూసొచ్చాం. మౌన్ అనే ఊరినించి మొదలయ్యే క్యాంపింగ్ సఫారీ, కొంత మొకోరో అనే సన్న దోనెలో నీళ్ల మీద, కొంత మోరెమీ అనే వన్యప్రాణుల రిజర్వ్‌లో జీపు మీద. సఫారీకి కెన్యాలోని మసాయి మారా వెళ్లాలా, ఇక్కడికి వెళ్లాలా అని ఫ్రెండ్స్ చాలామంది అడుగుతున్నారు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

సింహాలూ చిరుతలూ చూడ్డమొక్కటే కావాలంటే ఇంత ఖర్చు పెట్టుకుని ఇక్కడిదాకా రానక్కర్లేదు. ఇక్కడికి రావాల్సింది నీళ్ల కోసం. ఎక్కడో అంగోలా కొండల్లో జనవరి, ఫిబ్రవరిల్లో పడిన వాన నెలల తరబడి మెల్లగా పారుకుంటూ వచ్చి, బోట్స్వానాలో చుక్క వాన పడని ఎండు సీజన్‌లో, జూన్ నుంచి ఆగస్టు మధ్య ఇక్కడ వరదగా పరుచుకుంటుంది. ఈ నీళ్లు తెచ్చే ఒకవాంగో నది సముద్రం దాకా పోదు, కలహారి ఇసుకలోకి ఇంకిపోయేది ఇంకిపోగా మిగతాదంతా ఆవిరైపోతుంది. చుట్టుపక్కల నేల పగుళ్లిచ్చే టైంలో నీళ్లు ఇక్కడే ఉంటాయి కాబట్టి ఏనుగుల దగ్గర్నించి అన్నీ ఇటే వస్తాయి. 2014లో యునెస్కో వారసత్వ జాబితాలో 1000వ ప్రదేశంగా దీన్నే చేర్చారు.

ఇక మొకోరో. కొల్లేట్లో తాటిదోనె ఎక్కినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, అలాంటిదే. ఒకప్పుడు పెద్ద చెట్ల మాను తొలిచి చేసేవాళ్లట, ఇప్పుడు చెట్లు కొట్టకుండా ఎక్కువగా ఫైబర్‌గ్లాస్‌వే వాడుతున్నారు. ముందు ఇద్దరం కాళ్లు చాపుకుని కూర్చుంటే వెనకాల పోలర్ నిలబడి గెడ వేస్తాడు, ఇంజిన్ చప్పుడు లేదు, నీళ్లు చేతికందేంత దగ్గర్లో ఉంటాయి, కలువ కాడలు దోనె అంచుకి రాసుకుంటూ పోతాయి, జమ్ములోంచి దూరినప్పుడు చిన్న చిన్న సాలీళ్లు ఒళ్లో పడతాయి, దులుపుకుంటే చాలు. మా పోలర్ ఒకచోట గెడ ఆపి జమ్ము కాడ మీద బొటనవేలి గోరంత కప్పని చూపించాడు, ఎండకి తెల్లగా మారి కాడకి అంటుకుపోయి ఉంది, అతను చూపించకపోతే మూరెడు దూరం నుంచి కూడా నాకు కనపడేది కాదు. ఇంకోచోట మలుపు అవతల నీటిగుర్రం గురక వినపడింది. గెడ అడుక్కి గుచ్చి దోనె నిలిపేశాడు, కాసేపు విన్నాడు, ఏం మాట్లాడకుండా పక్కనున్న సన్న పాయలోకి తిప్పేశాడు. తర్వాత చెప్పాడు, ఆ పాయల్లో చాలావాటికి దారి చేసేది కూడా నీటిగుర్రాలేనట, రోజూ తిరిగి తిరిగి జమ్ముని తొక్కేస్తాయి. ఈ పోలర్లంతా పక్క ఊళ్లవాళ్లే, వాళ్ల కమ్యూనిటీ ట్రస్ట్ ద్వారా వస్తారు. వాళ్ల పనికి మాత్రం నూటికి నూరు.

దీవుల్లో దిగి నడిపిస్తారు కూడా. ఇక్కడి చిన్న దీవులు చాలావరకు చెదపుట్టతో మొదలైనవే, పుట్ట నీళ్లపైన నిలబడితే దాని మీద చెట్లు మొలుస్తాయి, అలా పెరుగుతూ పోతుంది. మా గైడ్ దగ్గర తుపాకీ లేదు. వరసగా నడవండి, ఏం కనపడినా పరిగెత్తొద్దు, ఇవే రూల్స్. మాకైతే ఏనుగు కనపడింది, గాలివాటం చూసుకుని చాలా దూరం చుట్టు తిప్పి తీసుకెళ్లాడు.

మోరెమీ బావుంది. 1963లో అక్కడి బటవానా తెగ జనం తమ సొంత నేలనే రిజర్వ్‌గా చేసుకున్నారు, అది తెలిసి చూస్తే గౌరవం కలుగుతుంది. మోకాలిలోతు నీళ్లలో రెడ్ లెచ్వే జింకల మంద ఒక్కసారిగా గెంతుకుంటూ పోతే ఆ నీళ్ల చప్పుడుకి జీపులో అందరం లేచి నిలబడ్డాం.

తిండి విషయం. వెజిటేరియన్లకి పాప్ అనే మొక్కజొన్న సంకటి, ఆకుకూర, టమాటా గ్రేవీ, గుమ్మడికాయ దొరుకుతాయి, వేడివేడిగా బానే ఉంటాయి, కారప్పొడి మాత్రం పట్టుకెళ్లండి. రాత్రి చలి గట్టిగా ఉంటుంది, ఆఫ్రికా కదా అని పల్చటి బట్టలతో వెళ్లొద్దు.

నచ్చనిది మేం బుక్ చేసుకున్న కంపెనీ, పేరు రాయను. మొకోరో రోజంతా అని చెప్పి మధ్యాహ్నమంతా క్యాంపులో కూర్చోబెట్టేశారు, జీపులో వరసకి ముగ్గుర్ని ఎక్కించారు, మధ్య సీటువాళ్లకి ఫొటోలు తీసే ఛాన్సే లేదు. ఇంత డబ్బు తీసుకుని ఇది అన్యాయం. బోట్స్వానా వాళ్లు కావాలనే తక్కువమంది టూరిస్టులు, ఎక్కువ రేటు అనే పద్ధతి పెట్టుకున్నారు, అడవికి అది మంచిదే. చిన్న విమానంలో వెళ్లే లాడ్జిలు సీజన్‌లో మనిషికి రాత్రికి 1000 డాలర్లు దాటేవి చాలా ఉన్నాయి. నన్నడిగితే అవి వద్దు, క్యాంపింగే చేసి మిగిలిన డబ్బుతో మొకోరోలో ఇంకో రెండ్రోజులు పెంచుకోండి. మలేరియా మాత్రలు డాక్టర్నడిగి ముందే మొదలుపెట్టండి. బుక్ చేసేటప్పుడు మొకోరోలో రోజుకి ఎన్ని గంటలు, జీపులో వరసకి ఎంతమంది అనే రెండూ మెయిల్‌లో రాయించుకోండి, లేకపోతే మాకు జరిగిందే జరుగుతుంది.