ఓమ్నీ ఇంజన్: కిందికి దించాలా, బండినే పైకి ఎత్తాలా?

ఏ బండికైనా మెకానిక్కులు "ఇంజన్ దించాలి" అనే అంటారు. చాలా కార్లకు అది మాటవరసకే. బానెట్ తెరిచి, గొలుసు కట్టి పైకే లాగుతారు. మారుతీ ఓమ్నీ దగ్గరికొచ్చేసరికి ఆ మాట అక్షరాలా నిజమవుతుంది. ఇంజన్ ముందు సీట్ల కింద ఉంటుంది, బయటికి రావాలంటే కిందికే రావాలి.

1984లో మారుతీ వ్యాన్‌గా వచ్చి, 1988లో ఓమ్నీగా పేరు మార్చుకున్న ఈ బండి తయారీ 2019లో ఆగిపోయింది. అయినా మన ఊళ్లలో ఇంకా కనిపిస్తూనే ఉంది. పాతది చౌకగా కొనడం, ఆరు నెలలకు సైలెన్సర్ నుంచి నీలం పొగ రావడం, "బోరుకొచ్చింది బాబూ, సిలిండర్లు అరిగిపోయాయి" అని మెకానిక్ తేల్చేయడం, ఆ తర్వాత నాకు ఫోన్ రావడం మామూలైపోయింది. ఇంటి దగ్గరే దించుకుని, ఇంజన్ ఒక్కటే ఆటోలో వేసుకుని, సిలిండర్లు సరిచేసే బోరింగ్ షాపుకు తీసుకెళ్లొచ్చా అని అడుగుతారు. తీసుకెళ్లొచ్చు. నేను రెండుసార్లు చేశాను, రెండు పద్ధతుల్లోనూ. అందుకే రాస్తున్నాను.

మొదటి పద్ధతి అందరికీ తోచేదే. బండి ముందు భాగాన్ని బాగా పైకెత్తి స్టాండ్ల మీద నిలబెట్టి, ట్రాలీ జాకీ మీద ఇంజన్ను మెల్లగా దించి పక్కకు లాగేయడం. రెండోది తిరగేసిన పద్ధతి. బండిని తక్కువ ఎత్తులోనే ఉంచి, ఇంజన్ను కింద చెక్క పలక మీద ఆనించి, దాన్ని బాడీకి పట్టి ఉంచే మౌంటింగులు విప్పేసి, చైన్ పుల్లీతో బాడీని పైకి లేపడం. ఇంజన్ ఉన్నచోటే ఉంటుంది, బండే లేచిపోతుంది.

అందరూ ముందు అడిగేది ఇంజన్ బరువు గురించి. 796 సీసీ, మూడు సిలిండర్లు. గేర్ బాక్స్‌తో కలిపినా పలక మీద పెట్టి ఇద్దరు లాగేయొచ్చు. అసలు చిక్కు ఎత్తుతో. సంపు (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) నుంచి పైన హెడ్ కవర్ దాకా టేపు పెట్టి కొలవండి. ఆ ఎత్తంతా ఎడమ తలుపు కింది రేకును తాకకుండా దూరి రావాలి. ఎయిర్ క్లీనర్, కార్బురేటర్ ముందే తీసేస్తే కొంత కలిసొస్తుంది. ఇంకో లెక్క కూడా ఉంది. వెనక చక్రాలు నేల మీదే ఉంటాయి కాబట్టి ముక్కు రెండడుగులు లేస్తే ఇంజన్ ఉన్నచోట అంతకన్నా తక్కువే లేస్తుంది. మొదటిసారి ఈ లెక్క తెలియక, ఇంజన్ను జాకీ మీద దించేశాక అది కిందనే ఇరుక్కుపోయి, పొద్దుపోయే దాకా కుస్తీ పట్టాం.

ఇక్కడే రెండు పద్ధతుల మధ్య తేడా తేలిపోతుంది. మొదటి పద్ధతిలో బండి మొదటి నుంచి చివరి దాకా అంత ఎత్తులోనే ఉంటుంది. సైలెన్సర్ పైపు, ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్ బాక్స్ నుంచి వెనక చక్రాలను తిప్పే కడ్డీ), గేర్ రాడ్లు, క్లచ్ కేబుల్, స్పీడోమీటర్ కేబుల్, స్టార్టర్ వైర్లు అన్నీ ఆ ఎత్తు కింద పడుకునే విప్పాలి. మామూలు షాపుల్లో దొరికే స్టాండ్లు అంత ఎత్తు రావు. రాకపోతే ఏం చేస్తాం? స్టాండు కింద సిమెంటు ఇటుకలు పేరుస్తాం. బోలు ఇటుక చెప్పాపెట్టకుండా పగిలిపోతుంది. నేనూ పేర్చాను, ఇప్పుడు తలుచుకుంటే చెమటలు పడతాయి. పెట్టక తప్పకపోతే అడ్డంగా, నిలువుగా పేర్చిన గట్టి కొయ్య దుంగలే పెట్టాలి.

ఇంకో మాట. ఓమ్నీ వెనక చక్రాలతో నడిచే బండి. ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పిన క్షణం నుంచి గేర్లో ఉంచినా ఒకటే, న్యూట్రల్లో ఉంచినా ఒకటే. బండిని ఆపేది హ్యాండ్ బ్రేకు, చక్రాల కింద పెట్టిన రాళ్లు మాత్రమే. ఎత్తు మీదున్న బండి ఒక్క జానెడు వెనక్కి దొర్లితే చాలు, స్టాండ్లు ఒరిగిపోతాయి.

రెండో పద్ధతిలో విప్పే పనంతా స్టాండ్లను తక్కువ ఎత్తులో, గట్టిగా నిలబెట్టి చేసుకుంటాం. బండి ఎక్కువ ఎత్తుకు లేచేది చివరి పది నిమిషాలే. అప్పుడు కింద ఎవరూ ఉండనక్కర్లేదు. ఇంజన్ పలకకు తాడు కట్టి బయట నిలబడి లాగితే సరిపోతుంది. బయటికి రాగానే బాడీని మళ్లీ స్టాండ్ల మీదికి దించేస్తాం. నాకు ఇదే నచ్చింది, ఇక మీదటా ఇలాగే చేస్తాను.

మరి పుల్లీ దేనికి కట్టాలి? మా బావమరిది వరండా స్లాబు వైపు చూసి "బావా, ఉయ్యాల కొక్కెం ఉందిగా" అన్నాడు. నాలుగు కొక్కేలు కలిసి ఇద్దరు మనుషుల్ని మోసే ఏర్పాటు అది. దాన్లో ఒక్కదానికి సగం బండిని వేలాడదీస్తే స్లాబు పెచ్చులతో సహా కిందికొస్తుంది. పెరట్లో వేప కొమ్మ కూడా వద్దు. బోరు మోటార్లు తీసేవాళ్ల దగ్గర మూడు కాళ్ల ఇనప స్టాండు, చైన్ పుల్లీ ఉంటాయి. రోజు అద్దెకు ఇస్తారు. బోరు మోటారును గొట్టాలతో సహా పైకి లాగే సరంజామా కాబట్టి ఓమ్నీ ముక్కు దానికి లెక్కలోది కాదు. కాళ్లు జారకుండా కింద తాడుతో చుట్టూ కట్టాలి. ఒక కాలు ఎడమ తలుపుకు అడ్డం రాకుండా ముందే చూసుకోవాలి, లేకపోతే ఇంజన్ వచ్చే దారి మూసుకుపోతుంది.

ఈ పద్ధతిలో ఇబ్బంది లేదని అనను. ఓమ్నీకి మూతి చదునుగా ఉంటుంది. బండిని లేపడానికి ముక్కు కింద వేసిన బెల్టు, పైకి లాగినప్పుడు అద్దం మీదికే వచ్చి నొక్కుతుంది. ముందు బంపర్ తీసేసి, బెల్టు రెండు కొసల మధ్య పైన ఒక కర్ర అడ్డంగా పెట్టి ఎడం చేయాలి. తిరిగి బిగించేటప్పుడు మాత్రం జాకీదే పైచేయి. వేలాడే బాడీని వెంట్రుకవాసి జరిపి మౌంటింగ్ రంధ్రాలు కలపడం అయ్యే పని కాదు. అందుకని నేను ఇంజన్ను బాడీ కిందికి తోసి, బాడీని తక్కువ స్టాండ్ల మీద దించేసి, ఆఖరి అరడుగూ జాకీతో లేపి బిగించాను.

గేర్ బాక్స్ విడిగానా, కలిపా అంటే కలిపే. క్లచ్ ప్లేటును నేల మీద కూర్చుని కళ్లతో చూస్తూ మధ్యకు తెచ్చుకోవడం వేరు, గేర్ బాక్స్‌ను ఛాతీ మీద మోస్తూ చీకట్లో షాఫ్ట్ దూర్చడం వేరు. ప్రొపెల్లర్ షాఫ్ట్ లాగగానే గేర్ బాక్స్ వెనక నుంచి ఆయిల్ కారుతుంది. ముందే ఆయిల్ తీసేయండి, లేదా పాలిథిన్ కవరు చుట్టి రబ్బరు బ్యాండు వేయండి.

సీట్లు తీసి పైనుంచి లాగడం గురించి కూడా అడుగుతున్నారు. టాపు అడ్డం. వదిలేయండి. హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్ల పైమూత కింద ఉండే పలుచని రేకు) పోయినంత మాత్రాన ఇంజన్ దించక్కర్లేదు, సీట్ల కింది మూత తెరిచి హెడ్ ఒక్కటే తీయొచ్చు. మారుతీ ఈకో వ్యానుకూ ఇంజన్ దించడానికి ఇదే దారి గానీ నాలుగు సిలిండర్లు, బరువు ఎక్కువ. ఏసీ ఉంటే గ్యాస్ పైపులు విప్పకుండా కంప్రెసర్‌ను ఊడదీసి పక్కకు కట్టేయండి. ఎల్‌పీజీ కిట్ ఉంటే సిలిండర్ వాల్వు మూసి, ఆ పైపుల పని మాత్రం కిట్ బిగించేవాళ్లకే అప్పగించండి. పెట్రోలు ట్యాంకు నిండుగా ఉన్న రోజు పని మొదలుపెట్టొద్దు. ముక్కు పైకి లేస్తే పెట్రోలంతా ట్యాంకులో వెనక వైపుకే వస్తుంది.

మూడు కాళ్ల స్టాండు ఎండాకాలంలో దొరకదు. ఊళ్లో బోర్లన్నీ అప్పుడే మొరాయిస్తాయి. నేను సంక్రాంతికి ముందు తెచ్చుకున్నాను, రెండు రోజులు ఉంచుకున్నా ఎవరూ అడగలేదు.