ఎల్ఈడీ వీధి దీపాలకి "మిగిలిన దాంట్లోంచే కట్టండి" అంటున్నారా? సంతకం పెట్టకముందే ఇది చదవండి

కోనసీమలో, ఇటు రావులపాలెం, రాజోలు వైపు లేఅవుట్ సంఘాలు, అపార్ట్‌మెంట్ సంఘాలు చూసుకుంటున్న వాళ్లందరికీ నమస్కారమండి. మాకు జరిగింది మీకు జరక్కూడదని రాస్తున్నాను.

పోయినేడాది ఒక ప్రైవేటు ఏజెన్సీ వాళ్లు మా లేఅవుట్‌కి వచ్చారు. "పైసా పెట్టుబడి అక్కర్లేదండి. పాత లైట్లు తీసి ఎల్ఈడీలు మేమే వేస్తాం. కరెంటు బిల్లులో మిగిలిన దాంట్లోంచి నెలనెలా కట్టుకోండి, అయిదేళ్లు మెయింటెనెన్స్ మాదే" అన్నారు. మావి 48 స్తంభాలు. నెలకి 5,600 రూపాయలు, 60 నెలలు. సంఘం కోశాధికారిగా ఆ అగ్రిమెంట్ మీద నేనూ సంతకం పెట్టాను. 14 నెలల నుంచి కడుతున్నాం. మిగులుతున్నది మాత్రం నెలకి మూడు వేలు కూడా లేదు.

ఇన్నాళ్లూ ఎందుకు తెలీలేదంటే, మా బోరు మోటారు, వీధి లైట్లు ఒకే మీటరు మీద ఉన్నాయి. ఎండాకాలం మోటారు ఎక్కువ తిరిగితే బిల్లు పెరుగుతుంది, పైన ఇంధన సర్దుబాటు ఛార్జీలు కూడా పడతాయి. లైట్ల వాటా ఎంతో విడిగా చూసినవాళ్లు లేరు. నాకు అనుమానం వచ్చి ఒక రాత్రి మోటారు బ్రేకర్ దించేసి, మీటరు మీద ఎర్రలైటు పది నిమిషాల్లో ఎన్నిసార్లు మెరిసిందో లెక్కపెట్టాను. 336 సార్లు. మా మీటరుకి 1,600 మెరుపులైతే ఒక యూనిట్. అంటే కొత్త లైట్లన్నీ కలిపి 1.26 కిలోవాట్లు. ఏజెన్సీ కాగితంలో ఉన్నదీ అంతే. కొత్త లైట్ల లెక్కలో తప్పు లేదు.

తప్పు పాత లైట్ల లెక్కలో ఉంది. విప్పేసిన పాత సామానంతా పంపు గదిలోనే ఓ మూల పడి ఉంది. మా ఎలక్ట్రీషియన్ తమ్ముణ్ణి పిలిచి ఒక్కోటీ బయటికి తీయించాను. ట్యూబులైటు పట్టీలు 36, సోడియం లైట్లు 12. ఒక పట్టీ దుమ్ము తుడిచి, ట్యూబు బిగించి, వాట్లు చూపించే చిన్న మీటరు పెట్టి వెలిగించాడు. చోక్‌తో కలిపి 52 వాట్లు చూపించింది. 70 వాట్ల సోడియం లైటు చోక్‌తో 84. "ఈ పట్టీల్లో తొమ్మిది ఏడాదిగా వెలగట్లేదు కదండీ, నేనే చెప్పాను అప్పట్లో" అన్నాడు. ఏజెన్సీ వాళ్ల కాగితంలో మాత్రం 48కి 48 సోడియం లైట్లు, ఒక్కోటి 84 వాట్లు, అన్నీ రాత్రంతా వెలుగుతున్నట్టు రాసుంది.

యూనిట్ 7 రూపాయలు, రోజుకి 12 గంటలు అనుకుందాం. వాళ్ల లెక్కలో పాత లైట్లకి నెలకి 1,452 యూనిట్లు అయ్యేవి, కొత్తవాటికి 454. దాదాపు 6,990 రూపాయలు మిగులుతాయి, అందులో 80 శాతం వాళ్లకి. నిజంగా వెలిగిన లైట్లే లెక్కేస్తే పాతవాటికి అయ్యింది 868 యూనిట్లు. మిగిలేది 414 యూనిట్లు, అంటే 2,898 రూపాయలు. ఆ మిగులు మొత్తం ఇచ్చేసినా ఇంకో 2,700 సంఘం చేతి నుంచి పోతోంది. రాజమండ్రిలో రెండు షాపుల్లో ధరలు కనుక్కుంటే, ఇవే వాట్ల లైట్లు 48 కలిపి 70 వేల లోపే వస్తున్నాయి. మేం ఇప్పటికే 78,400 కట్టాం.

వెళ్లి అడిగితే అగ్రిమెంట్‌లో ఒక వాక్యం చూపించారు: "అంచనా వేసిన ఆదానే తుది ఆదాగా పరిగణించబడును." మీటరు ఏం చెప్పినా సరే, కాగితంలో అంకెకే డబ్బు. ఈ వాక్యం మీ కాగితంలో ఉంటే అక్కడే ఆగిపోండి.

మెయింటెనెన్స్ సంగతీ చెప్పాలి. కాలవ గట్టు మెట్ల దగ్గర లైటు కార్తీకమాసంలో పోయింది. తెల్లవారుజామున ఆడవాళ్లు స్నానాలకి దిగే చోటు అది. 23 రోజులు చీకటే. చివరికి మేమే నిచ్చెన వేసి విప్పించాం. అద్దం లోపల నీళ్లు, అడుగున చచ్చిన పురుగులు గుప్పెడు, డ్రైవరు (లైటుకి కరెంటు సరిచేసి ఇచ్చే లోపలి పెట్టె) మరలు ఉప్పుగాలికి తుప్పట్టి ఊడి రాలేదు. ఆ నెలా 5,600 పూర్తిగా తీసుకున్నారు. వెలగని రోజులకి డబ్బు తగ్గించాలన్న షరతు మేం రాయించుకోలేదు.

పద్ధతి చెడ్డదని అనట్లేదండి. హుద్‌హుద్ తర్వాత విశాఖలో సుమారు 90 వేల వీధి దీపాలు ఇలా మిగులు డబ్బుతో కట్టే పద్ధతిలోనే మారాయి. 2015 జనవరిలో కేంద్రం మొదలుపెట్టిన వీధి దీపాల జాతీయ కార్యక్రమం నడిచిందీ ఇలాగే. మా దగ్గరికొచ్చిన వాళ్లు ఆ మాటే చెప్పి నమ్మించారు. ఆ పథకానికీ వీళ్లకీ ఏ సంబంధమూ లేదు.

మీరు చేయిస్తే ముందు లైట్లకి విడిగా ఒక చిన్న మీటరు పెట్టించి, పాత లైట్లతోనే ఒక నెల రీడింగ్ తీయండి. స్తంభం స్తంభానికీ ఏ లైటు ఉంది, వెలుగుతోందా లేదా అన్నది ఇద్దరూ కలిసి తిరిగి రాసుకుని, ఆ కాగితం మీద ఇద్దరూ సంతకం చేయండి. పాత సామాను అమ్మేయకండి, మాకు మిగిలిన సాక్ష్యం అదొక్కటే. లైటుకి ఐపీ 66 రేటింగ్ (దుమ్ము, నీళ్లు లోపలికి పోవన్న గుర్తు) ఉండాలి, పిడుగుల దెబ్బకి తట్టుకునే సర్జ్ ప్రొటెక్టర్ ఉండాలి. మన గాలివానలకి అంతకన్నా తక్కువది ఆగడం కష్టం. లైట్లు మార్చాక కాంట్రాక్టెడ్ లోడ్ (కనెక్షన్‌కి రాయించుకున్న కిలోవాట్లు) తగ్గించమని కరెంటాఫీసులో అర్జీ పెట్టుకోండి, లేకపోతే ఫిక్స్‌డ్ ఛార్జీ పాత లోడు మీదే పడుతుంది.

మేం లెక్కంతా రాసి, ఫొటోలు జతచేసి ఏజెన్సీకి స్పీడ్ పోస్టులో పంపాం. నిజమైన మిగులు మీదే నెల కిస్తీని మళ్లీ లెక్కగట్టాలని అడిగాం. జవాబు ఇంకా రాలేదు. ఈ ఆదివారం సర్వసభ్య సమావేశంలో ఆ కాగితాలన్నీ అందరి ముందూ పెడుతున్నాను, 15వ కిస్తీ ఆపాలా వద్దా అన్నది అక్కడే తేల్చుకుంటాం.