తుక్కు బండి ఎక్కబోయిన మేటాగ్ వాషింగ్ మెషీన్: తొమ్మిదేళ్ల వాడకం తర్వాత

తొమ్మిదేళ్ల కిందట, తెలిసినవాళ్లు ఇల్లు ఖాళీ చేస్తూ పాత సామాను బయట పెడుతుంటే ఈ మెషీన్ నా కంట పడింది. 1970ల నాటి మేటాగ్ (అమెరికా కంపెనీ), పైనుంచి బట్టలు వేసే రకం, ముదురు పసుపు రంగు. "మోటారు పోయింది, గుర్రుమంటుంది కానీ తిరగదు" అన్నారు. వెనక్కి వాల్చి, అడుగున ఉన్న పెద్ద పుల్లీని చేత్తో తిప్పి చూశాను. మెత్తగా తిరిగింది, పైన తొట్టి మధ్యలో బట్టల్ని కలియబెట్టే అజిటేటర్ కూడా కదిలింది. గేర్‌బాక్సు బిగుసుకుపోలేదని తేలిపోయింది. ఇక ఆలోచించకుండా తెచ్చేసుకున్నాను.

నిజానికి మోటారుకి ఏమీ కాలేదు. నీళ్లు బయటికి తోడే పంపు పట్టేసి, దాని బెల్టు ఒకచోట కాలి నల్లబడింది. పంపు విప్పితే చిన్నపిల్లల సాక్సు ఒకటి, సబ్బు పిండితో రాయిలా గట్టిపడి బయటికి వచ్చింది. ఆ సాక్సు పుణ్యమా అని ఇంత మంచి మెషీన్ తుక్కులోకి పోబోయింది! పాత మెషీన్ "పనిచేయదు" అని ఎవరైనా అంటే నేను ముందు పంపు, బెల్టులు చూస్తాను. ఇప్పటిదాకా బాగుచేసిన ఐదు మెషీన్లలో మూడింటికి జబ్బు అక్కడే ఉంది.

దీని లోపలి పద్ధతి తెలిస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. మోటారు ఒకవైపు తిరిగితే అజిటేటర్ ఊగుతూ బట్టలు ఉతుకుతుంది. అదే మోటారు రెండోవైపు తిరిగితే బ్రేకు వదులై తొట్టి మొత్తం గిర్రున తిరిగి నీళ్లు పిండుతుంది. ఉతకడం నుంచి పిండడానికి మారేందుకు వేరే క్లచ్చు, సర్క్యూట్ బోర్డు లేవు. మోటారు కూడా స్ప్రింగులున్న పట్టాల మీద కాస్త జరుగుతూ బెల్టుకి తగినంత బిగువు ఇస్తుంది. తొట్టి నిండా నీళ్లతో, తడి బట్టలతో బరువుగా ఉన్నప్పుడు మొదట్లో బెల్టు కొంచెం జారుతుంది. అలా జారాలి కూడా. ఇది తెలియని ఒక మెకానిక్ బజార్లో దొరికే మామూలు వి-బెల్టు వేసి ఇచ్చాడు. జారని బెల్టు వల్ల ప్రతిసారీ స్పిన్ మొదలవగానే మెషీన్ ఎగిరిపడేది, మోటారు మూలిగేది. రెండు నెలలు ఓర్చుకుని, ఈ మోడల్‌కి సరిపోయే బెల్టుల జత తెప్పించి నేనే మార్చాను. ఆ కుదుపు ఆ రోజుతో పోయింది. బెల్టు దగ్గర మాత్రం ఎవరూ పొదుపు చేయొద్దు.

అన్నిటికంటే కష్టపడింది అజిటేటర్ని పైకి లాగడానికి. నలభై ఏళ్ల సబ్బు, సున్నం కలిసి దాన్ని షాఫ్టుకి అతికించేశాయి. సుత్తితో కొడితే ప్లాస్టిక్ పగిలిపోతుంది. తొట్టిలో అజిటేటర్ మునిగేదాకా వేడినీళ్లు పోసి గంటసేపు వదిలేశాను. తర్వాత దాని అంచు కింద నుంచి పాత నూలు తాడు రెండు వైపులా దోపి, ఇద్దరం చెరోవైపు నిలబడి నిటారుగా లాగాం. రాలేదు. నీళ్లు తీసేసి మళ్లీ వేడివి పోశాం. మూడోసారికి 'టప్' మని ఊడింది. దాని కింద షాఫ్టు చుట్టూ అంగుళం మందాన బూడిదరంగు మడ్డి ఉంది, పుట్టమన్నులాగా. వేలితో గీకితే పొరలు పొరలుగా వచ్చింది. ఇన్నేళ్లూ ఆ ఇంటివాళ్ల బట్టలు దాని పక్కనే తిరిగాయి. మీ ఇంట్లో ఉన్నది ఎంత కొత్త మెషీన్ అయినా, వీలైతే ఏడాదికోసారి అజిటేటర్ తీసి కడగండి.

ఆ మడ్డి కింద ఉన్న సీలుని చూసినప్పుడే నాకు అసలు టెన్షన్ పట్టుకుంది. తొట్టి మధ్యలోంచి షాఫ్టు పైకి వచ్చేచోట నీళ్లు కిందికి దిగకుండా ఆపేది ఆ రబ్బరు సీలే. అది గట్టిపడి చిట్లితే చుక్కచుక్కగా నీళ్లు బేరింగులోకి దిగుతాయి, గేర్‌బాక్సుకి చేటు తెస్తాయి. నా మెషీన్ అడుగున తుప్పు నీటి చార ఒకటి అప్పటికే మొదలైంది. ఇంకో ఏడాది ఆగితే చేయగలిగేది ఏమీ ఉండేది కాదేమో. మధ్య నట్టు విప్పడానికి దానికోసమే చేసిన స్పానర్ కావాలి, పైపు రెంచితో కుస్తీ పట్టొద్దు. ఇనుము, పింగాణీ పూత నలభై ఏళ్లు గడిచినా అలాగే ఉన్నాయి. నేను మార్చినవన్నీ రబ్బరువే: సీలు, గొట్టాలు, బెల్టులు. తొట్టి బరువు ఆనుకునే చోట ఉండే మూడు డాంపర్ ప్యాడ్లూ అరిగిపోయాయి. అవి అరిగితే స్పిన్‌లో కీచుమంటూ మెషీన్ నేల మీద నడుస్తుంది. కొత్తవి అతికించాక జిగురు ఒక రోజంతా ఆరనివ్వాలి.

ఒక్క చోట మాత్రం చెయ్యి పెట్టకండి. గేర్‌బాక్సు అడుగున ఉండే బ్రేకులో స్ప్రింగు బలంగా నొక్కుకుని ఉంటుంది, తగిన పరికరం లేకుండా విప్పితే ముఖాన కొడుతుంది. ప్లగ్గు పీకకుండా పని మొదలుపెట్టొద్దు, ఎర్తు సరిగ్గా ఉందో లేదో చూడకుండా వాడొద్దు. ఇంకో సంగతి, ఇవి 120 వోల్టులు, 60 హెర్ట్జ్ కరెంటుకి చేసినవి. 50 హెర్ట్జ్ ఉన్న దేశాలకి తీసుకెళ్లి ట్రాన్స్‌ఫార్మర్ పెడితే వోల్టేజి సర్దుకుంటుంది కానీ హెర్ట్జ్ మారదు. మోటారు వేగం హెర్ట్జ్‌ని బట్టే ఉంటుంది కాబట్టి ఆరో వంతు నిదానంగా తిరుగుతూ వేడెక్కుతుంది. టైమర్ కూడా నిదానించి, 12 నిమిషాల ఉతుకు 14 నిమిషాలు దాటుతుంది.

ఇక వాడకం. మురికి పట్టిన పని బట్టలు, తువ్వాళ్లు, దుప్పట్లు దీనంత బాగా ఉతికే మెషీన్‌ని నేను వాడలేదు. అరగంట పైన కొద్దిసేపట్లో మొత్తం పని అయిపోతుంది. జాడించడానికి తొట్టి మళ్లీ నిండా నింపుకుంటుంది కాబట్టి బట్టల్లో సబ్బు వాసన మిగలదు. కానీ నీళ్లు తాగేస్తుంది. నిండు లోడుకి దాదాపు 150 లీటర్లు. ఇప్పటి ఫ్రంట్ లోడర్ అందులో సగం కూడా వాడదు. నీళ్ల కొరత ఉన్నచోట దీన్ని రోజూ వాడమని నేను చెప్పను. నేను వారానికి రెండుసార్లు, నిండు లోడుకే వాడతాను. పిండడం కూడా కొత్త వాటంత గట్టిగా ఉండదు. నిమిషానికి 600 పైచిలుకు చుట్లే కాబట్టి బట్టలు ఆరడానికి ఇంకాస్త సమయం పడుతుంది. పట్టు, పలుచని బట్టలు ఇందులో వేయను.

తొమ్మిదేళ్లలో మొరాయించింది రెండుసార్లే. ఒకసారి నీళ్లు వచ్చే వాల్వులో జల్లెడ పూడుకుపోయింది, తీసి కడిగితే సరిపోయింది. ఇంకోసారి నీటిమట్టం చూసే స్విచ్చుకి వెళ్లే సన్నని గాలి గొట్టం చిట్లి, తొట్టి నిండినా నీళ్లు ఆగలేదు. ఎదురుగా ఉన్నాను కాబట్టి నేల తడవలేదు. ఆ రోజు నుంచి నీళ్లు నిండేదాకా పక్కనే ఉంటాను.

మేటాగ్ పుట్టిల్లు అమెరికాలో అయోవా రాష్ట్రంలోని న్యూటన్ ఊరు. 1967లో ఆ కంపెనీ తెచ్చిన ప్రకటనలో, మేటాగ్ మెషీన్లు చెడిపోవు కాబట్టి పని లేక, ఫోను మోగక దిగులుగా కూర్చున్న మెకానిక్ ఒకాయన ఉంటాడు. 2006లో వర్ల్‌పూల్ అనే మరో మెషీన్ల కంపెనీ దాన్ని కొంది, మరుసటి ఏడాది న్యూటన్ ఫ్యాక్టరీ మూతపడింది. నా మెషీన్ అడుగున నలభై ఏళ్ల నాటి బోల్టు ఒక్కటి కూడా విరగకుండా ఊడి వచ్చినప్పుడు ఆ ఊరి పనివాళ్లు గుర్తొచ్చారు.

బెల్టులు, సీళ్లు, ప్యాడ్లు ఇంకా వెతికితే దొరుకుతున్నాయి. నాకు బెంగ టైమర్ గురించే. దానిలోపల పంటి చక్రాలు, రాగి కాంటాక్టులు అరిగితే మరొక పాత మెషీన్‌లోంచి తీయాల్సిందే. అందుకే ఈ మోడల్‌దే ఇంకొకటి, పింగాణీ పూత పెచ్చులూడి తొట్టి తుప్పు పట్టినది, పోయిన నెల తెచ్చి పెట్టుకున్నాను. దాని టైమర్ తిప్పి చూశాను, ప్రతి మెట్టు దగ్గరా గట్టిగా క్లిక్కుమంటోంది.