హారం కిందకి వేలాడుతుంది: మా ఊరి రెండు భాషల బడితో ఐదేళ్లు

మా వీధిలో ఎవరి పిల్లనైనా ఒకటో తరగతిలో వేయాలంటే ముందు నా దగ్గరికి వస్తారు. జాకెట్టు కొలతలు ఇస్తూ మెల్లగా అడుగుతారు: "మీ పాపని గవర్నమెంటు బళ్లోనే చదివించారు కదండీ, ఎలా ఉందండీ?" కొలతలు తీసుకునేంత సేపట్లో చెప్పే జవాబు కాదది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

మాది కోనసీమలో పి.గన్నవరం మండలం, గోదారి పాయ వైనతేయ గట్టు కింద ఊరు. మా ఆయన కొబ్బరి దింపుకి వెళ్తారు, నాది కుట్టు మిషను. పాప 2020లో ఒకటో తరగతిలో చేరి, 2025 ఏప్రిల్‌లో ఐదు పూర్తి చేసింది. ఇప్పుడు హైస్కూల్లో ఆరో తరగతి. బాబు 2022లో చేరాడు, అదే బళ్లో ఇప్పుడు నాలుగు.

"రెండు భాషల బడి" అని బోర్డు మీద ఎక్కడా రాసి ఉండదు. మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల అనే ఉంటుంది. రెండు భాషలు ఉన్నది పుస్తకంలో. ఒకటి నుంచి ఆరు దాకా ఇంగ్లీషు మీడియమే అని 2019 చివర్లో జీవో రావడం, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేయడం, ఆ గొడవంతా టీవీలో చూస్తూనే ఉన్నాం. ఇంతకీ ఏ మీడియమో తేలకముందే పుస్తకాలు వచ్చాయి. లెక్కల పుస్తకం తెరిస్తే ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగు. అవే బొమ్మలు, అవే లెక్కలు. పరిసరాల విజ్ఞానమూ అంతే. మిర్రర్ ఇమేజ్ పుస్తకాలంటారని మేడం గారు చెప్పారు.

ఆ ఎదురు పేజీ లేకపోతే పాప మొదటి ఏడాది గాల్లో కలిసిపోయేది. కరోనా వల్ల చిన్న తరగతులకి 2021 ఫిబ్రవరి 1న గానీ బడి తెరవలేదు. అప్పటిదాకా మిషను పక్కన పీట వేసి నేనే చెప్పాను. నాది పదో తరగతి, అదీ తెలుగు మీడియం. తెలుగు పేజీ నేను చదువుకుని, ఇంగ్లీషు పేజీ మీద పాప వేలు పెట్టించి చెప్పేదాన్ని. పుస్తకం రెండింతలు లావైంది, బరువు అని అందరూ తిట్టారు. నిజమే, బరువే. కానీ ఆ రెండో సగం పిల్లలకంటే ఎక్కువగా నాలాంటి తల్లుల కోసం వేసినట్టు ఉండేది.

ఇక అసలు విషయం. రెండు భాషలు పక్కపక్కన ఉంటే పిల్లలు ఏది చదువుతారు? ఎవరూ చూడనప్పుడు తెలుగే చదువుతారు. పాప పుస్తకాలు చూడండి, తెలుగు పేజీల అంచులు నలిగి నల్లబడి ఉంటాయి, ఇంగ్లీషు పేజీలు కొత్తగా ఉంటాయి. మొదట్లో దానికి నేను బెంగపడ్డాను. తర్వాత భిన్నాల దగ్గర ఒకటి చూశాను.

ఆ రోజు రాత్రి పాప నోటుబుక్కులో మూడు బై ఐదు రాసి, పైది న్యూమరేటర్, కిందిది డినామినేటర్ అని పదిసార్లు వల్లిస్తోంది. నిద్ర మొహంతో రెండూ తారుమారు చేస్తోంది. నేను తెలుగు పేజీ చూసి "లవం, హారం" అన్నాను. అంతే, పాప నవ్వింది. "హారం మెళ్లో వేసుకుంటే కిందకి వేలాడుతుంది కదమ్మా, అందుకే కింద ఉండేది హారం" అంది. ఆ మాట ఏ పేజీలోనూ లేదు, దానికదే పుట్టించుకుంది. మర్నాటి నుంచి డినామినేటర్ అనగానే మెడ దగ్గర చెయ్యి పెట్టుకునేది, ఇక తడబడలేదు. తెలుగు అన్నిచోట్లా ఇలా కలిసి రాదు లెండి. వ్యవకలనం కంటే సబ్‌ట్రాక్షనే నయం, తీసివేత రెండింటికంటే నయం.

తెలిసిన తెలుగు మాటతో ఇంగ్లీషు పట్టించే ఈ కిటుకుని బాగా పట్టుకున్నది మూడో తరగతిలో పాపకి చెప్పిన మేడం గారు. మొక్కల పాఠం వచ్చినప్పుడు పిల్లలందరినీ కొబ్బరి చెట్టు నుంచి వచ్చేవి తలా ఒకటి తెమ్మన్నారు. మా ఊళ్లో దానికి కొదవేముంది? మట్ట, ఈనె, గెలలోంచి ఒక కాయ, బొండాం, డొక్క, పీచు, చిప్ప, కురిడీ అన్నీ వచ్చాయి. గోడకి చార్టు అంటించి ఒక వరస తెలుగు, ఎదురు వరస ఇంగ్లీషు. పుస్తకాలు, బ్యాగులతో పాటు గవర్నమెంటు కిట్టులో ఇచ్చిన బొమ్మల డిక్షనరీ ముందేసుకుని పిల్లలు వెతికారు. బొండాం, చిప్ప, పీచు దొరికాయి. కురిడీ దగ్గర ఆగిపోయారు. డ్రై కోకోనట్ అని ఒకడు అన్నాడట. ఎండుకొబ్బరి చిప్పని కూడా అదే అంటారు కదా, కాయలోపల నీరు ఇంకి గుండ్రంగా గలగల ఆడే కురిడీకీ దానికీ తేడా ఎలా చెప్తావు అని మేడం గారు అడిగారట. ఆ గడి అలాగే ఖాళీగా వదిలేశారు. మా ఆయన పేరెంట్స్ మీటింగుకి వెళ్లినప్పుడు ఆ చార్టు ముందు చాలాసేపు నిలబడ్డారు. బళ్లో ఆయనకి తెలిసిన సబ్జెక్టు కనబడటం అదే మొదటిసారి.

వరద గురించి చెప్పకపోతే మా బడి గురించి చెప్పినట్టు కాదు. బాబు చేరిన ఏడాది బడులు తెరిచింది జూలై మొదటి వారంలో. పది రోజులు తిరక్కుండానే గోదారి వచ్చేసింది. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు, 25 లక్షల క్యూసెక్కులు దాటిపోయింది. లంకల్లోంచి జనాన్ని పడవల మీద తెచ్చి మా బళ్లో పెట్టారు. బల్లలన్నీ గోడవారకి జరిపి, పిల్లలు కూర్చునే చోట పొయ్యిలు. వాడికి బడంటే మొదటి జ్ఞాపకం అక్షరాలు కాదు, సాంబారు గిన్నెలూ తడిసిన దుప్పట్లూ. నీళ్లు తీశాక మళ్లీ పాఠాలు మొదలవడానికి చాలా రోజులు పట్టింది. ఆ కోల్పోయిన రోజులు ఎప్పుడు భర్తీ చేశారంటే, చెయ్యలేదు. డెల్టాలో బడి క్యాలెండరు రాసేవాళ్లు జూలై, ఆగస్టుల్లో ఒక్కసారి మా కాజ్‌వే మీద నిలబడి రాస్తే బాగుంటుంది.

అదే వరదతో పాపకి దశాంశాలు వచ్చాయంటే నమ్ముతారా? ఐదో తరగతిలో మాస్టారు బోర్డు మీద 11.75, 13.75, 17.75 అని రాసి ఇవేంటని అడిగారు. క్లాసంతా ఒక్కసారే అరిచింది: ఒకటో హెచ్చరిక, రెండో హెచ్చరిక, మూడో హెచ్చరిక! ధవళేశ్వరం దగ్గర గోదారి నీటిమట్టం ఎన్ని అడుగులకి చేరితే ఏ హెచ్చరికో చెప్పే ఆ మూడు అంకెలూ మా పిల్లలకి ఎక్కాల కంటే బాగా వచ్చు. పాయింటు తర్వాత డెబ్బై అయిదు అంటే ముప్పావు అడుగని, అదే త్రీ బై ఫోర్ అని అక్కడి నుంచి అల్లుకుపోయారు. పాపం, ఆ ఉదాహరణ పుస్తకంలో ఏ భాష పేజీలోనూ లేదు.

భోజనం దగ్గర నాకు పెద్దగా ఫిర్యాదు లేదు. పాప చేరినప్పుడు గోరుముద్ద, 2024లో పేరు మారి డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం అయింది. సీతమ్మ గారు మా పక్కనున్న లంకల గన్నవరం మనిషి, అడిగినవాళ్లకి అడిగినప్పుడు అన్నం పెట్టిన ఇల్లాలు. మా పిల్లలు రోజూ ఆవిడ పేరున్న అక్విడెక్టు (నది మీదుగా కాలువని దాటించే వంతెన) చూస్తారు కాబట్టి ఈ పేరు ఒక్కటి మాత్రం వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. గుడ్డు, చిక్కీ, రాగిజావ బాగానే అందాయి. అన్నం ముద్దయ్యేదని గొణిగేవారు, 2025 జూన్ నుంచి సన్నబియ్యం వచ్చాక ఆ గొణుగుడు తగ్గింది. వండే ఆయమ్మకి బిల్లులు ఆలస్యమైన నెలల్లో కూర పల్చబడేది. ఆవిడ అప్పు తెచ్చి వండుతుంటే మనం పప్పు చిక్కదనం గురించి ఏం మాట్లాడతాం?

యూనిఫాం గురించి నేను రాయకపోతే ఎవరు రాస్తారు! ఏటా మూడు జతల గుడ్డ ఇస్తారు, కుట్టుకూలి జతకి 40 రూపాయలు. ఆ 40కి ఏ ఊళ్లో ఎవరు కుడతారో నాకు చూపించండి. బొత్తాలు, దారం, గూడ లాగని మెడ, ఎదిగే పిల్లకి లోపల మడత, ఇవన్నీ లెక్కేస్తే నాకు మిగిలేది పుణ్యమే. ఊళ్లో సగం మందికి అలా పుణ్యానికే కుట్టాను. గుడ్డ మాత్రం పర్వాలేదు, ఉతికినా వెలవలేదు. మొదట ఇచ్చిన బ్యాగు జిప్పు సంక్రాంతికే పోయింది, మిషను నా దగ్గరే ఉంది గనక సరిపోయింది. బూట్లు రెండేళ్లు సైజు తేడా వచ్చాయి. డబ్బుల పథకాల సంగతి అందరికీ తెలిసిందే. ముందు అమ్మ ఒడి అని తల్లికి ఒక్క బిడ్డకే, 2025లో తల్లికి వందనం అని ఇద్దరికీ పడ్డాయి.

ప్రోగ్రాములు బోలెడు వచ్చాయి, పోయాయి. పాప నాలుగులో ఉండగా టోఫెల్ అని ఒక ఇంగ్లీషు పరీక్ష అన్నారు. అమెరికా యాసలో మాటలు వినిపించి ప్రశ్నలు అడిగేవారు. పాప ఇంటికొచ్చి వాటర్‌ని "వాడర్" అని నీళ్ల బిందె దగ్గర నిలబడి నవ్వేది. పరీక్ష రాసింది, తర్వాతి ఏడాది ఆ ఊసే లేదు. ఇన్ని కొత్తవి ఎందుకు మొదలుపెడతారో, అన్నిటికీ మాస్టార్ల చేత ఫోటోలు ఎందుకు తీయిస్తారో నాకు అర్థం కాదు. గుడ్డుకి ఫోటో, మరుగుదొడ్డికి ఫోటో, హాజరుకి ఫోటో. ఒకసారి టిఫిను డబ్బా ఇవ్వడానికి వెళ్తే మాస్టారు సిగ్నల్ కోసం గట్టు మీద నిలబడి ఉన్నారు, లోపల మూడు తరగతుల పిల్లలు వాళ్లలో వాళ్లే ఎక్కాలు చెప్పుకుంటున్నారు.

అవును, మూడు తరగతులు. మా బడికి ఇద్దరే టీచర్లు, తరగతులు ఐదు. ఒకరికి ఒకటీ రెండూ, ఇంకొకరికి మిగతా మూడు. ఒకరు సెలవు పెట్టిన రోజు అయిదూ ఒకరికే. రెండు భాషల పుస్తకం ఒక గదిలో ఒక తరగతి ఉన్నప్పుడు పనిచేస్తుంది. మూడు తరగతులు కలిసి కూర్చున్నప్పుడు ఇంగ్లీషు పేజీ చదివి, తెలుగులో విడమరిచి, మళ్లీ ఇంగ్లీషులో చెప్పించే టైం ఎవరికి ఉంటుంది? ఆ రోజుల్లో ఇంగ్లీషు జవాబులు బోర్డు మీద రాసేస్తారు, పిల్లలు ఎక్కించుకుంటారు, బట్టీ పడతారు. కొబ్బరి చార్టు కట్టించిన మేడం గారు బదిలీ అయ్యాక ఒక ఏడాది అచ్చంగా అలాగే గడిచింది. 2025లో తరగతికో టీచరుండే మోడల్ ప్రైమరీ స్కూళ్లు అన్నారు. మాకు దగ్గర్లో వచ్చినదానికి నడవాలంటే కాజ్‌వే దాటాలి, వరదల్లో అది మునుగుతుంది. బాబుని ఇక్కడే ఉంచాను.

ఫలితం ఏంటంటే, పాప ఇంగ్లీషు చదివి అర్థం చేసుకుంటుంది, తప్పుల్లేకుండా నాలుగు వాక్యాలు రాస్తుంది. మాట్లాడమంటే మాత్రం "ఎస్ సార్" దగ్గర ఆగిపోతుంది. పక్కింటి బాబు టౌన్‌లో ప్రైవేటు బడికి వ్యానులో వెళ్తాడు, ఇంగ్లీషు గడగడా మాట్లాడతాడు, తెలుగు హోంవర్కు ఒత్తులు పెట్టించుకోవడానికి మా పాప దగ్గరికి వస్తాడు. ఫీజు కట్టేది వాళ్లు, ట్యూషను చెప్పేది మేము. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా పేరెంట్స్ మీటింగు పెట్టారు కదా, మా బళ్లో ముగ్గులు, తాడు లాగుడు అయ్యాక పాపని లేపి చదవమన్నారు. ఇంగ్లీషు పేరా చదివింది, వెంటనే ఎదురు పేజీ చూడకుండా దాన్ని తన తెలుగులో చెప్పింది. నా వరకు ఆ బడికి నేనిచ్చే మార్కులు అక్కడున్నాయి. అయిదుకి మూడున్నర. టీచరు ఇంకొకరు ఉంటే నాలుగున్నర ఇచ్చేదాన్ని.

మొన్న మా చెల్లెలు ఫోన్ చేసింది. వాళ్లది రాజోలు వైపు, పిల్లని వచ్చే జూన్‌లో వేయాలి. "బావుంటుందా అక్కా, వెయ్యనా?" అంది. పుస్తకాలు చూడకు, బూట్లు చూడకు, నడిచి వెళ్లి ఎంతమంది టీచర్లున్నారో లెక్కపెట్టి రా అన్నాను. సాయంత్రం మళ్లీ చేసింది. ముగ్గురట, ఒకరు పురిటి సెలవులో ఉన్నారట, మిగతా ఇద్దరిలో ఒకరు పిల్లల్ని పేరు పెట్టి పిలుస్తున్నారట. వాళ్లాయన ఇంకా వ్యాను ఫీజు కనుక్కుంటూనే ఉన్నాడు.