మా బావగారు తెచ్చిన వాచీ సిరీస్ 6 కాదు

2021 సంక్రాంతికి డాలస్ నుంచి అక్కా బావగారూ వచ్చినప్పుడు నాకో ఆపిల్ వాచీ తెచ్చారు. 44 ఎంఎం సైజు, ముదురు బూడిద రంగు అల్యూమినియం బాడీ, పక్కన తిప్పే గుండీ చుట్టూ సన్నటి ఎర్ర గీత. సూట్‌కేసులో చోటు చాలక డబ్బా అక్కడే పడేసి, వాచీని తన చేతికే కట్టుకుని విమానం దిగారు. అమెరికా నుంచి వచ్చే సామాను సగం ఇలాగే వస్తుంది కాబట్టి నేనేమీ అనుకోలేదు. "సిరీస్ సిక్స్ బావా, లేటెస్టు" అన్నారు. ఆఫీసులో ఎవరడిగినా నేనూ అదే చెప్పాను.

ఏప్రిల్ నెలాఖరులో, కోవిడ్ రెండో వేవ్ ముదురుతున్న రోజుల్లో అమ్మకి జ్వరం వచ్చింది. ఆక్సిజన్ ఎంతుందో పొద్దునా సాయంత్రం చూస్తుండమన్నాడు డాక్టరు. మెడికల్ షాపుల్లో ఆక్సీమీటర్లు అయిపోయాయి. ఉన్నచోట చెప్పిన రేటు వింటే కోపం వచ్చేది. అప్పుడు గుర్తొచ్చింది, సిరీస్ 6 ప్రకటనల్లో గొప్పగా చెప్పుకున్నదే రక్తంలో ఆక్సిజన్ చూడటం కదా అని. వాచీలో ఆ యాప్ వెతికాను. లేదు. అప్‌డేట్ చేశాను, రీస్టార్ట్ చేశాను, ఇండియాలో ఆపేశారేమోనని ఫోన్‌లో దేశం మార్చి కూడా చూశాను. రాత్రి పదకొండున్నరకి బావగారికి ఫోన్ చేస్తే, "సిక్సే బావా, కొత్తది రిలీజైన వారమే కొన్నాను, బాగా గుర్తు" అన్నారు.

మా ఆవిడ వాచీ తీసుకుని బోర్లా తిప్పింది. మూడు నెలల చెమటా మట్టీ పేరుకుని వెనకవైపు నల్లగా ఉంది. తడి గుడ్డతో తుడిచి, ఫోన్ టార్చి వేసి, వాచీని అటూ ఇటూ వంచి చూసింది. మధ్యలో సెన్సర్లున్న గాజు చుట్టూ గుండ్రంగా చీమ తలకాయలంత అక్షరాలు. నాకు కళ్ళజోడు పెట్టుకున్నా ఆనలేదు. తనే కూడబలుక్కుని చదివింది: ఆపిల్ వాచ్ ఎస్ఈ, 44 ఎంఎం. ఆరు అంకె ఎక్కడా లేదు. అమ్మ వేలికి చివరికి పక్కింటి వాళ్ళ క్లిప్పు పెట్టి చూశాం, 96 ఉంది. ఆ రాత్రికి అది చాలు. సిరీస్ 6 ఉన్నా దాని అంకెను నమ్ముకుని కూర్చోవడం తప్పేనని తర్వాత తెలిసింది. ఆ యాప్ వైద్యం కోసం కాదని ఆపిల్ కంపెనీయే చెబుతుంది.

బావగారి తప్పేమీ లేదు. సిరీస్ 6, మొదటి ఎస్ఈ రెండూ 2020 సెప్టెంబరు 15న ఒకే వేదిక మీద పరిచయమయ్యాయి, ఒకే వారం షాపుల్లోకి వచ్చాయి. ఒకటి 399 డాలర్ల దగ్గర మొదలైతే రెండోది 279 దగ్గర మొదలైంది. ముందు నుంచి చూస్తే కవల పిల్లలే. తేడాలు వాడితేనే తెలుస్తాయి. సిరీస్ 6 తెర చేయి దించినా మసగ్గా వెలుగుతూనే ఉంటుంది, ఎస్ఈది నల్లగా ఆరిపోతుంది. నాది ఆరిపోతుంటే బ్యాటరీ కోసం బావగారు సెట్టింగులో ఆపారనుకున్నాను. ఎస్ఈలో ఈసీజీ లేదు, ఆక్సిజన్ లేదు. చీకట్లో వాచీ అడుగున ఎర్ర లైటు వెలిగితే ఆక్సిజన్ చూసే రకం, నా దాంట్లో ఎప్పుడు చూసినా పచ్చ లైటే. ఇవన్నీ మూడు నెలలుగా నా మణికట్టు మీదే ఉన్నాయి, నేనే పట్టించుకోలేదు.

వెనక పేరు చదివితే సగం పని అయినట్టే. మిగతా సగానికి ఎ అక్షరంతో మొదలయ్యే మోడల్ నంబరు కావాలి. ఫోన్‌లో వాచ్ యాప్ తెరిచి, మై వాచ్, జనరల్, అబౌట్‌లోకి వెళ్తే మోడల్ అని ఒక వరస ఉంటుంది. మొదట అక్కడ కనిపించేది ఎం అక్షరంతో మొదలయ్యే పొడుగాటి కోడు. చాలామంది అదే రాసుకుని వచ్చేస్తారు, నేనూ వచ్చేశాను. దాని మీద ఒకసారి వేలితో తాకితే అసలు నంబరు కనబడుతుంది. నాది ఎ2354. అంటే మొదటి తరం ఎస్ఈ, 44 ఎంఎం, సిమ్ సౌకర్యం ఉన్నది, అమెరికా ఖండాల కోసం చేసింది. సిమ్ లేని 44 అయితే ఎ2352. యూరప్‌కీ మన వైపుకీ చేసిన సిమ్ రకం ఎ2356. వాచీ ఆన్ కాకపోతే స్ట్రాప్ ఊడదీసి, అది దూరే గాడిలో చూడండి. సీరియల్ నంబరు అక్కడ ఉంటుంది.

ఆ ఒక్క నంబరుతో ఇంకో చిక్కుముడి కూడా విడిపోయింది. ఎర్ర గీత ఉందంటే సిమ్ రకమే కదా, ఫోన్ ఇంట్లో పెట్టేసి వాకింగ్‌కి వెళ్ళొచ్చని నా నంబరు ఇసిమ్ (చిప్పు పెట్టకుండా వాచీలోకి ఎక్కే సిమ్) ఎక్కించడానికి తెగ తిరిగాను. కంపెనీ స్టోరుకి రెండుసార్లు వెళ్ళాను. కౌంటర్లో అబ్బాయి నా ఫోను మార్చి మార్చి చూసి "సర్వర్ ఇష్యూ సార్, సాయంత్రం ట్రై చేయండి" అన్నాడు. సాయంత్రాలు నాలుగైపోయాయి, ఎక్కలేదు. ఎ2354, ఎ2356 వేరువేరుగా ఎందుకున్నాయో చూస్తే, ఒక్కో ప్రాంతం నెట్‌వర్క్‌కి ఒక్కో రకం చేశారని తెలిసింది. పాపం ఆ అబ్బాయికీ ఎవరూ చెప్పినట్టు లేదు. నా వాచీకి ఆ ఎర్ర గీత ఇప్పుడు బొట్టులాంటిది, అలంకారానికే.

సైజుని మోడల్ అనుకోవడం మనవాళ్ళలో ఇంకో అలవాటు. "నాది 44" అంటారు. 44 అంటే సిరీస్ 4 కావచ్చు, 5 కావచ్చు, 6 కావచ్చు, ఎస్ఈ మూడు తరాల్లో ఏదైనా కావచ్చు. స్ట్రాప్ కొనడానికైతే సైజు చాలు, కానీ అక్కడా ఒక గుంట ఉంది. పాత 42 ఎంఎం వాచీలవీ, 44, 45, 46, 49 వాటివీ స్ట్రాపులు ఒకదానికొకటి పడతాయి. 38, 40, 41 వేరే జట్టు. 2024లో సిరీస్ 10 వచ్చి చిన్న వాచీకి 42 అని పేరు పెట్టింది. అది చిన్న జట్టులో చేరింది, అంటే పాత 42 స్ట్రాపు కొత్త 42 వాచీకి పట్టదు. ఈ లెక్క వేసినవాళ్ళు ఎప్పుడూ షాపుకెళ్ళి స్ట్రాప్ కొనుక్కోలేదేమో. స్క్రీన్ గార్డు సంగతి ఇంకా ఘోరం. "44/45 రెండింటికీ" అని రాసిన గార్డు ఆన్‌లైన్లో తెప్పించాను. 45 తెర అంచులు వంపు తిరిగి ఉంటాయి, నా దాని మీద ఆ గార్డు నాలుగు మూలలా గాలి బుడగలతో అప్పడంలా లేచింది. మూడో రోజు పీకి పారేశాను. అప్పటి నుంచి గార్డు లేదు. తెర మీద గీతలు రెండే ఉన్నాయి, రెండూ గోడకి రాసుకున్నవే.

చార్జర్ విషయంలోనూ పేరు తెలియక డబ్బు పోగొట్టుకున్నాను. తొందరగా చార్జి చేసే టైప్ సి కేబుల్ వచ్చిందంటే కొన్నాను. కేబుల్ మంచిదే, వాచీకే ఆ యోగం లేదు. ఫాస్ట్ చార్జింగ్ సిరీస్ 7 నుంచే మొదలైంది. నాది పాత కేబుల్‌తో ఎంత సేపు తాగేదో కొత్త దాంతోనూ అంతే, గంటన్నరకి 80 శాతం.

ఇన్ని తిట్టాను గానీ వాచీగా దీన్ని వదలాలనిపించలేదు. నాలుగున్నరేళ్ళు దాటింది. వానలో తడిసింది, కొలనులో మునిగింది, ఒకసారి ఇడ్లీ పిండిలో పడింది. ఏమీ కాలేదు. గుండె కొట్టుకునే లెక్క నేను ఆస్పత్రిలో చూపించుకున్నప్పుడల్లా దగ్గర దగ్గరగానే ఉంది. పడిపోతే పసిగట్టే సదుపాయం ఎస్ఈకీ ఉంది. గుడి మెట్ల దగ్గర కొబ్బరికాయ గట్టిగా కొట్టానో లేదో మణికట్టు దడదడలాడింది, మీరు పడిపోయినట్టున్నారు, బాగానే ఉన్నారా అని. పక్కన పూజారి నవ్వారు. బ్యాటరీ కొత్తలో పొద్దున్న కట్టుకుంటే పడుకునేదాకా వచ్చేది, ఇంకా ముప్ఫై శాతం మిగిలేది. ఇప్పుడు బ్యాటరీ హెల్త్ 81 చూపిస్తోంది, సాయంత్రం టీ తాగేటప్పుడు కాసేపు చార్జి పెట్టాల్సిందే.

అసలు దెబ్బ 2024 సెప్టెంబరులో తగిలింది. వాచీని నడిపే సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్, వాచ్ ఓఎస్ 11 వచ్చింది, ఫోన్‌కి అప్‌డేట్ వచ్చింది, వాచీకి రాలేదు. సిరీస్ 4, 5, మొదటి ఎస్ఈ మూడింటినీ పదో వెర్షన్ దగ్గరే ఆపేశారు. ఎస్ఈతో పాటు ఒకే వారం షాపుకొచ్చిన సిరీస్ 6కి మాత్రం పదకొండూ వచ్చింది, దాని తర్వాత నేరుగా 26 అని పేరు పెట్టిన వెర్షన్ కూడా వచ్చింది. నేను కోరుకున్నది పెద్దదేమీ కాదు. ఒంట్లో బాగాలేని రోజు వ్యాయామం రింగులు (రోజూ లక్ష్యం చేరితే నిండే గుండ్రాలు) ఆపుకునే వీలు పదకొండులో ఇచ్చారు. నాకు వైరల్ జ్వరమొచ్చి మూడు రోజులు మంచం దిగకపోయేసరికి 212 రోజుల వరస తెగింది. జ్వరం కన్నా దానికే ఎక్కువ బాధపడ్డానని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

మార్చేద్దామని ఆబిడ్స్ జగదీష్ మార్కెట్‌కి వెళ్ళాను. కౌంటర్ వెనక ఇరవై ఏళ్ళ కుర్రాడు "ఏ మోడల్ అన్నా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే వాచీ నా చేతి నుంచి తీసి, తిప్పి, టార్చి వేసి, "ఎస్ఈ ఫస్ట్ జెన్, యూఎస్ పీస్" అన్నాడు. రెండు సెకన్లు పట్టిందేమో. యూఎస్ అని ఎలా చెప్పావంటే, అబౌట్‌లో ఆ ఎం కోడు చివర చూడమన్నాడు. ఎల్ఎల్/ఎ అని ఉంటే అమెరికాది, హెచ్ఎన్/ఎ అని ఉంటే ఇండియాది. అతను చెప్పిన ధర విని వాచీ మళ్ళీ కట్టుకుని వచ్చేశాను. విద్య మాత్రం ఉచితంగా వచ్చింది.

ఆ విద్య తర్వాత పనికొచ్చింది కూడా. ఆఫీసులో ఒకాయన అమెరికాలో ఉన్న కొడుకుతో సిరీస్ 9 తెప్పించుకున్నారు. ఆక్సిజన్ యాప్ ఉంది, తెరిస్తే ఇక పనిచేయదని చెబుతోంది. "డూప్లికేట్ అంటగట్టారేమో" అని టెన్షన్ పడుతున్నారు. కోడు చూస్తే చివర ఎల్ఎల్ కాదు, ఎల్‌డబ్ల్యూ/ఎ. మాసిమో అనే కంపెనీతో పేటెంటు గొడవ వల్ల 2024 జనవరి 18 నుంచి అమెరికాలో అమ్మిన సిరీస్ 9, అల్ట్రా 2 వాచీల్లో ఆక్సిజన్ ఆపేశారు. వాటికి పెట్టిన గుర్తే ఆ రెండక్షరాలు. 2025 ఆగస్టులో, లెక్క ఫోన్‌లో జరిగేలా మార్చి, అక్కడ మళ్ళీ ఇచ్చారు. సిరీస్ అదే, వెనక రాత అదే, డబ్బు అంతే, కోడు చివర్లో ఒక్క అక్షరంలో ఉంది తేడా అంతా. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్ళు వాచీ ఫొటోలు పది చూసేకన్నా అబౌట్ పేజీ ఫొటో ఒక్కటి అడగండి. పంపడానికి నసిగితే ఆ బేరం వదిలేయండి. మొదటి తరం ఎస్ఈ అయితే ఇప్పుడు చవగ్గా వచ్చినా నేను కొననివ్వను, కొత్త వెర్షన్లు రావు కాబట్టి. ఉన్నదాన్ని మాత్రం పారేయక్కర్లేదు.

ఈ సంక్రాంతికి అక్కా బావగారూ మళ్ళీ వస్తున్నారు. ఈసారి ఏం తేవాలని అడిగారు. ఏదైనా సరే, డబ్బా మాత్రం పారేయొద్దన్నాను.