వీపీఎన్‌లో కిల్ స్విచ్: దాని కోసమే డబ్బు కడుతున్నా, కోపం కూడా దాని మీదే

బయటి వైఫై ఎందుకు ప్రమాదం, వీపీఎన్ ఏం చేస్తుంది లాంటి పాఠం ఇక్కడ చెప్పను, మన నెట్‌ను తాళం వేసిన సొరంగం గుండా తన సర్వర్‌కు పంపుతుందని అందరికీ తెలిసిందే. నేను రాసేది ఒక్క కిల్ స్విచ్ గురించి, అంటే వీపీఎన్ లేనప్పుడు నెట్‌ను మొత్తం ఆపేసే సెట్టింగ్ గురించి. ఇన్నాళ్లుగా ఈ వీపీఎన్‌ను వదలకుండా డబ్బు కడుతున్నానంటే దాని వల్లే, పోయినేడాది ఒక రాత్రి ల్యాప్‌టాప్‌ను గోడకేసి కొట్టాలనిపించిందీ దాని వల్లే. కంపెనీ పేరు రాయను, అడగొద్దు. ఇదే రకం స్విచ్ చాలా యాప్‌లలో ఉంది.

నా పని ఏంటో చెప్తే గానీ మిగతాది అర్థం కాదు. మిర్యాలగూడలో ఉంటా. రైస్ మిల్లులకు, చిన్న వ్యాపారులకు లెక్కలు రాస్తా, జీఎస్టీ రిటర్నులు వేస్తా. నెలలో సగం రోజులు వాళ్ల ఆఫీసు గదుల్లోనే కూర్చుంటా కాబట్టి వాడేదీ వాళ్ల వైఫైనే. మిల్లు వైఫై సంగతి చూసినవాళ్లకు తెలుసు: పాస్‌వర్డ్ కాటా గది గోడ మీద స్కెచ్ పెన్నుతో రాసి ఉంటుంది, లారీ డ్రైవర్లు, గుమాస్తాలు, బియ్యం బ్రోకర్లు, హమాలీలు, అందరి ఫోన్లూ దాంట్లోనే. రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ డబ్బాతో వచ్చినదే, ఎవరూ మార్చరు. అక్కడ దొంగలున్నారని కాదు నేననేది. కానీ ఎవడైనా ఆ రౌటర్‌లోకి వెళ్లి డీఎన్ఎస్ (సైట్ పేరును బట్టి దాని అడ్రసు చెప్పేది) మార్చి పోయాడనుకోండి, ఏడాదైనా ఎవరికీ తెలియదు. నా ల్యాప్‌టాప్‌లోనేమో ఊళ్లో సగం మంది వ్యాపారుల లాగిన్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, పాన్ కాపీలు.

మిల్లులో కరెంటు ఇలా పోయి అలా వస్తుంటుంది. రౌటర్‌కు యూపీఎస్ ఉండదు. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటుంది, రౌటర్ లేచాక వైఫై దానంతట అదే కలుస్తుంది, వీపీఎన్ కలవడానికి మాత్రం ఇంకాస్త టైమ్ పడుతుంది. ఆ సందులో మెయిల్, క్లౌడ్ బ్యాకప్, బ్రౌజర్‌లో తెరిచిపెట్టిన ట్యాబులు అన్నీ నేరుగా బయటికి పరుగెత్తుతాయి. సైట్లకు హెచ్‌టీటీపీఎస్ తాళం ఉంది కదా అనొచ్చు, నిజమే, లోపలి విషయం కనబడదు, కానీ ఏ బ్యాంకు, ఏ పోర్టల్, ఏ సైట్ అన్న పేర్లు ఆ రౌటర్‌కు తెలిసిపోతాయి, పాతకాలపు సాఫ్ట్‌వేర్ ఏదన్నా ఉంటే అది తాళమే లేకుండా మాట్లాడుతుంది. కిల్ స్విచ్ ఆ సందును మూసేస్తుంది. వీపీఎన్ మళ్లీ కలిసేదాకా ఒక్క డేటా ప్యాకెట్ బయటికి పోదు. ఈ ఒక్క పని అది చాలా బాగా చేస్తుంది, మిల్లుల్లో నాకు ఒక్కసారి కూడా ఇబ్బంది రాలేదు, కొన్నాళ్లకు అది ఉందన్న సంగతే మర్చిపోయా.

ఇందులో రెండు రకాలున్నాయి. ఒకటి మామూలుది, కలిసి ఉన్న వీపీఎన్ తెగినప్పుడు మాత్రమే నెట్ ఆపుతుంది. రెండోది శాశ్వతం, వీపీఎన్ లేకుంటే నెట్టే లేదు, కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టినా అంతే. మొదట్లో దీని గురించి రాసినప్పుడు శాశ్వతమే పెట్టుకోండి, నిశ్చింతగా ఉండండి అన్నాను. ఆ మాట మిల్లుల వరకు ఇప్పటికీ అంటాను.

ఇక ఆ రాత్రి సంగతి. నెల 20వ తేదీ, జీఎస్టీఆర్-3బీ అనే నెలవారీ జీఎస్టీ రిటర్నుకు ఆఖరి రోజు. బాదేపల్లి మార్కెట్ యార్డు దగ్గర వేరుశనగ కొనే ఒక సేటు రిటర్ను మిగిలింది, ఆయన కొనుగోలు బిల్లులు మధ్యాహ్నం దాటాక గానీ చేతికి రాలేదు. అక్కడే లెక్కలన్నీ ఎక్సెల్‌లో తేల్చుకొని, మిర్యాలగూడ దాకా వెళ్లే ఓపిక లేక మహబూబ్‌నగర్‌లో లాడ్జిలో దిగా. అక్కడి వైఫై, కలవగానే ఒక పేజీ తెరుచుకొని ఫోన్ నంబరు, ఓటీపీ అడిగే రకం. ఆ పేజీ రాలేదు. రాదు కూడా, ఎందుకంటే శాశ్వత కిల్ స్విచ్ వీపీఎన్ సర్వర్‌కు తప్ప ఇంకెక్కడికీ పోనివ్వదు, లాడ్జి వైఫైనేమో ముందు తన పేజీలో లాగిన్ అయితే గానీ వీపీఎన్ సర్వర్ దాకా పోనివ్వనంటుంది. ఇది పాత గొడవే, తెలిసిందే, స్విచ్ తీసేసి లాగిన్ అయ్యి మళ్లీ పెట్టుకుంటే సరిపోతుందని యాప్ తెరిచా.

యాప్ ఆ వారమే అప్‌డేట్ అయ్యింది. అప్‌డేట్‌తో పాటు నన్ను సైన్ అవుట్ చేసి కూర్చుంది. సైన్ ఇన్ కాకపోతే సెట్టింగులు తెరుచుకోవు, సైన్ ఇన్ కావాలంటే నెట్ కావాలి, నెట్‌ను ఆపింది ఆ యాపే. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి చూశా, అదీ అంతే, స్విచ్‌కు లాడ్జి వైఫై అయినా నా ఫోన్ అయినా ఒకటే. సరే పీడా పోతుందని యాప్‌నే అన్‌ఇన్‌స్టాల్ చేశా. అప్పుడు వచ్చింది అసలు కోపం, యాప్ పోయినా నెట్ రాలేదు! అది విండోస్ లోపలి ఫిల్టరింగ్‌లో రాసిపెట్టిన అడ్డుగోడ నియమాలు యాప్‌తో పాటు పోకుండా అక్కడే ఉండిపోయాయి. నెట్‌వర్క్ రీసెట్ నొక్కా, ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చేశా, ఉహూ. ఫోన్‌లో కస్టమర్ సపోర్ట్ చాట్ తెరిస్తే, ముందుగా మీ ఇంటర్నెట్ కనెక్షన్ సరిగా ఉందో లేదో చూసుకోండి అని జవాబు.

ఈలోపు సేటు ఫోన్.

"సార్, చలాన్ రాలే ఇంకా. పండుకోవాల్నా, మేల్కొని ఉండాల్నా?"

"జర ఆగుండ్రి సేటు, నెట్ సతాయిస్తున్నది."

"నెట్ లేదా? నా ఫోన్ల మస్తుగ వస్తున్నది గదా!"

ఆలస్యమైతే లేట్ ఫీజు రోజుకు 50 రూపాయలు, పన్ను మీద ఏడాదికి 18 శాతం లెక్కన వడ్డీ. ఒక్క రోజుకు అదేం ప్రాణం మీదికి వచ్చేది కాదు, కానీ నా చేతిలో తేదీ దాటిందన్న మాట తెల్లారేసరికి యార్డంతా తిరుగుతుంది. చివరికి ల్యాప్‌టాప్‌లో ఎక్సెల్ తెరిచి పక్కన పెట్టుకొని, ఫోన్ బ్రౌజర్‌ను డెస్క్‌టాప్ మోడ్‌లో పెట్టి, వేళ్లతో గుంజి గుంజి చూసుకుంటూ అంకెలన్నీ కొట్టా. చలాన్ పంపితే ఆయన కట్టారు, ఓటీపీ ఆయన చదివితే నేను వేశా, పన్నెండుకు కాస్త ముందు రిటర్ను పోయింది. ల్యాప్‌టాప్ సంగతి ఆ తర్వాత తేలింది: అదే యాప్ ఇన్‌స్టాలర్‌ను ఫోన్‌లో దింపి, కేబుల్‌తో ల్యాప్‌టాప్‌లోకి వేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే, కొత్త యాప్ లేస్తూనే పాత నియమాలను ఊడ్చేసింది. ఈ ముక్క సపోర్ట్ వాళ్లు మొదటి జవాబులోనే చెప్పి ఉంటే ఇంత పరేషాన్ ఉండేది కాదు.

మరి శాశ్వత రకాన్ని తీసేశానా అంటే, పూర్తిగా తీయలేదు. దానికి కారణం వేరే ఉంది. 2024 మేలో లెవియాథన్ సెక్యూరిటీ పరిశోధకులు టన్నెల్‌విజన్ అని వీపీఎన్‌ను తప్పించే దాడి ఒకటి బయటపెట్టారు. వైఫై నడిపేవాడు డీహెచ్‌సీపీలో (వైఫై మన ల్యాప్‌టాప్‌కు అడ్రసు, దారి ఇచ్చే పద్ధతి) ఆప్షన్ 121 అనే దాన్ని వాడి మన ల్యాప్‌టాప్‌కు తనకిష్టమైన దారి చూపిస్తాడు, ట్రాఫిక్ వీపీఎన్ సొరంగంలోకి దిగకుండా పక్కనుంచి పోతుంది. యాప్‌లో మాత్రం కనెక్టెడ్ అనే కనిపిస్తుంది. ఏదీ తెగలేదు కాబట్టి, తెగితేనే లేచే స్విచ్ లేవదు. ఫైర్‌వాల్ నియమాలతో సొరంగం బయటి ట్రాఫిక్ మొత్తాన్ని ఆపేసే గట్టి రకం అయితే ఆ పక్కదారి పోయేదాన్ని కూడా పట్టేస్తుంది. అంటే ఆ రాత్రి నన్ను ఏడిపించిన మొండితనమే ఇక్కడ పనికొస్తుంది, ఏం చేస్తాం.

అందుకే ఇప్పుడు మిల్లులకు వెళ్లినప్పుడు శాశ్వతం ఆన్, అక్కడ లాగిన్ పేజీల గొడవ ఉండదు. లాడ్జి అయినా, రైల్వే స్టేషన్లలో ఓటీపీ అడిగే రైల్‌వైర్ అయినా, ముందే మామూలు రకానికి మార్చుకుంటా. అసలు సిగ్నల్ ఉన్నచోట ఆ వైఫైలే వద్దు, నా ఫోన్ హాట్‌స్పాటే మేలు. ఆండ్రాయిడ్ ఆ ఆప్షన్ 121ను అసలు పట్టించుకోదు, పైగా డీహెచ్‌సీపీ ఇచ్చేది నా ఫోనే. నల్లమల అడవిలో అమ్రాబాద్, మన్ననూరు వైపు వెళ్తే మాత్రం సిగ్నల్‌ను నమ్ముకోలేం, అక్కడ ఎవరి వైఫై దొరికితే అదే గతి.

మరో సంగతి, లోకల్ నెట్‌వర్క్ ఆపేసే సెట్టింగ్. అది ఆన్‌లో ఉంటే మిల్లు ప్రింటర్ కనబడదు, ట్యాలీ డేటా ఉన్న షేర్డ్ ఫోల్డర్ తెరుచుకోదు. తీసేస్తే పని నడుస్తుంది గానీ ఆ వైఫైలో ఉన్నవాళ్లందరికీ నా ల్యాప్‌టాప్ పక్కింటి తలుపే. నేను తీసే ఉంచుతా, కానీ విండోస్‌లో ఆ వైఫైని పబ్లిక్ నెట్‌వర్క్‌గా పెట్టి, నా వైపు షేరింగ్ అంతా ఆపేసి.

వేగం తగ్గదని ఇంతకుముందు రాశా. అది ఇంట్లో ఫైబర్ మీద, వైర్‌గార్డ్ అనే వేగమైన వీపీఎన్ పద్ధతితో. వైర్‌గార్డ్ నడిచేది యూడీపీ అనే రకం ట్రాఫిక్ మీద మాత్రమే, కొన్నిచోట్ల వైఫైలో దాన్ని ఆపేస్తారు, అప్పుడు ఓపెన్‌వీపీఎన్ అనే పాత పద్ధతికి మార్చి, మామూలు వెబ్‌సైట్లు వాడే టీసీపీ 443 పోర్టు మీద లాగించాలి, అది నత్తనడకే. ఇండియా సర్వర్ అని యాప్‌లో కనిపించేది కూడా నిజంగా ఇండియాలో ఉంటుందన్న గ్యారంటీ లేదు. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్, వీపీఎన్ కంపెనీలు కస్టమర్ల వివరాలు అయిదేళ్లు దాచాలని ఆదేశం ఇచ్చాక పెద్ద కంపెనీలు చాలావరకు ఇక్కడి మిషన్లు తీసేశాయి, ఇండియా ఐపీ అడ్రసు ఇస్తూ సింగపూర్ లాంటి చోట్ల నుంచి నడుపుతున్నాయి. విదేశీ సర్వర్ ఎంచుకుంటే నేను రోజూ వాడే ప్రభుత్వ సైట్లలో కొన్ని అసలు తెరుచుకోవు.

ఇంట్లోనో, ఒకే ఆఫీసులోనో కూర్చొని పనిచేసేవాళ్లకు ఇది ఉత్త ఖర్చు అనే అంటా. నాలాగా పరాయి రౌటర్ల మీద బతికేవాళ్లకు, అదీ ఇతరుల లాగిన్లు మోసేవాళ్లకు పనికొస్తుంది, నాకైతే వచ్చింది. ఈసారి మూడేళ్ల ప్లాన్ చవగ్గా ఇస్తామంటున్నారు, వద్దనుకున్నా, ఏడాదికే కడతా. కొనేవాళ్లు మాత్రం కొన్న రోజే ఆ ఇన్‌స్టాలర్ ఫైలును ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి పెట్టుకోండి. నాది డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ల పౌచ్‌లోనే ఉంటుంది.